పిల్ల కుంటితే వెంటనే కాల్షియం సీసా తీయకండి

తొమ్మిదో రోజు పొద్దున షెడ్డులోకి వెళ్లేసరికి వేడినిచ్చే బ్రూడర్ల దగ్గర పది పన్నెండు బ్రాయిలర్ కోడిపిల్లలు కాళ్లు మడుచుకుని కీళ్ల మీద కూర్చుని ఉన్నాయి. కదిలిస్తే లేస్తున్నాయి, రెండడుగులు వేసి మళ్లీ కూలబడుతున్నాయి. మేత ఉంది, నీళ్లు ఉన్నాయి, వేడి సరిపోయింది. అప్పటికి నాకు తెలిసిందల్లా ఒకటే. కాళ్లంటే ఎముకలు, ఎముకలంటే కాల్షియం. ఆ మధ్యాహ్నమే నీళ్ల ట్యాంకులో లిక్విడ్ కాల్షియం పోశాను. ఒక్క పూట కాదు, నాలుగు రోజులు పోశాను. పదమూడో రోజుకి పడిపోయిన పిల్లలు అంతకు మూడింతలయ్యాయి.

అప్పుడు డాక్టర్‌గారిని పిలిచాను. ఆయన రెండు పిల్లల్ని కోసి చూశారు. కాలి ఎముక వంచితే విరగాల్సింది పోయి రబ్బరులా వంగింది. పక్కటెముకల మొదళ్లలో చిన్న చిన్న బుడిపెలున్నాయి. "ఇది రికెట్స్, ఎముక గట్టిపడని జబ్బు. కాల్షియం తక్కువై వచ్చిందా, ఫాస్ఫరస్ తక్కువై వచ్చిందా, విటమిన్ డి3 తక్కువై వచ్చిందా అన్నది కంటితో తేలదు, ముందు మేత ల్యాబ్‌కి పంపండి, ఆ సీసా పక్కన పెట్టండి" అన్నారు. రిపోర్టు వచ్చాక చూస్తే మేతలో కాల్షియం దాదాపు 1.4 శాతం ఉంది. ఆ వయసు పిల్లకి ఒక శాతం, ఇంకాస్త తక్కువైనా చాలు. మొత్తం ఫాస్ఫరస్ మామూలుగానే ఉంది. కాల్షియం ముందే ఎక్కువై ఉన్న మేతకి నేను నీళ్లలో ఇంకా కాల్షియం జత చేశాను. నా పిల్లలు పడిపోయింది కాల్షియం లేక కాదు, ఆ కాల్షియం వల్ల అందకుండా పోయిన ఫాస్ఫరస్ లేక. మేత మార్చాం, సీసా ఆపేశాం, తేలిగ్గా కుంటుతున్నవి వారం పది రోజుల్లో తేరుకున్నాయి. కాళ్లు వంకరపోయినవి మాత్రం తిరిగి రాలేదు. ఆ పిల్లల్ని ఏరి పక్కన పెట్టిన రోజు నాకింకా గుర్తుంది, ఈ వ్యాసం రాయడానికి సగం కారణం అదే.

నేను చెప్పదలుచుకున్నది సూటిగా ఇదీ: బ్రాయిలర్ పిల్ల మొదటి పది పన్నెండు రోజుల్లో ఖనిజాలు తక్కువై నష్టపోవడం కంటే, మనం లెక్క లేకుండా వేసినవి ఒకదాన్నొకటి అడ్డుకోవడం వల్ల నష్టపోవడమే ఎక్కువ. లోపం అసలు రాదని కాదు. కానీ లోపం కనిపించిన చాలాచోట్ల, లోపించిన ఖనిజం మేతలో ఉండనే ఉంటుంది. పిల్లకి అందదు, అంతే.

ఎందుకందదో చెప్పాలంటే మేత సంచిలోంచి మొదలుపెట్టాలి. మొక్కజొన్నలో, సోయాలో ఉండే ఫాస్ఫరస్‌లో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేట్ అనే రూపంలో కట్టుబడి ఉంటుంది. గింజ మొలకెత్తేటప్పుడు వాడుకోవడానికి దాచుకున్న నిల్వ అది. కోడిపిల్ల పేగులో దాన్ని విడదీసే శక్తి చాలా తక్కువ. అందుకే డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) వేస్తాం, ఇప్పుడైతే ఫైటేట్‌ని విడదీసే ఫైటేజ్ ఎంజైమ్ కూడా వేస్తాం. ఆ ఎంజైమ్ మార్కెట్లోకి వచ్చింది 1991లో, అప్పటినుంచి ఫార్ములాల లెక్కే మారిపోయింది. అయితే ఫైటేజ్ పని చేయాలంటే ఫైటేట్ కరిగి ఉండాలి. కందనకాయ దగ్గర ఆమ్లం ఎక్కువ కాబట్టి అక్కడ కరిగే ఉంటుంది. అక్కడినుంచి చిన్న పేగులోకి వచ్చాక ఆమ్లం తగ్గుతుంది, అప్పుడు కాల్షియం దండిగా ఉంటే అది ఫైటేట్‌ని పట్టుకుని గట్టి ముద్దగా మార్చేస్తుంది. ఆ ముద్దని ఎంజైమ్ తాకలేదు, పిల్ల పీల్చుకోలేదు, అది నేరుగా రెట్టలోకి పోతుంది. పైగా సున్నపురాయి పొడికి ఆమ్లాన్ని చంపే గుణం ఉంది (మనం కడుపు మంటకి వేసుకునే మాత్రల్లో ఉండేది కూడా తరచుగా ఆ కాల్షియం కార్బొనేటే). అది ఎక్కువైతే కందనకాయలో ఉండాల్సిన ఆమ్లమే తగ్గి, ఫైటేజ్‌తోపాటు ప్రొటీన్ అరుగుదల కూడా దెబ్బతింటుంది. కొవ్వుతో కలిసి సబ్బులా మారి శక్తిని కూడా తీసుకుపోతుంది, అసలే మొదటి వారం పిల్లకి కొవ్వు సరిగా అరగదు. ఒక్క కాల్షియం ఎక్కువైతే ఇన్నిటికి దెబ్బ.

ఆ పిల్ల ఎంత హడావిడిగా పెరుగుతుందో కూడా గుర్తుంచుకోవాలి. పుట్టినప్పుడు 40 గ్రాములు పైచిలుకు ఉంటుంది, ఏడు రోజుల్లో నాలుగింతలు దాటుతుంది. ఆ వారంలో తినే మేత సుమారు 150, 160 గ్రాములు. అంటే మొదటి వారమంతా కలిపి దానికందే కాల్షియం ఒకటిన్నర గ్రాము. అంత చిన్న మొత్తంలో తేడా వస్తే సర్దుకోవడానికి దానికి రోజుల వ్యవధి ఉండదు. ఇంకోటి, గుడ్డులో ఉన్నప్పుడు ఎముకకి కాల్షియం పెంకు నుంచి వచ్చింది. ఫాస్ఫరస్, జింక్, మాంగనీస్, రాగి మాత్రం సొన నుంచే రావాలి, పొదిగే కాలం చివరికొచ్చేసరికి సొనలోని వాటి నిల్వ చాలావరకు ఖర్చైపోతుంది. పిల్ల ఖాళీ చేతులతో బయటికి వస్తోందన్న మాట. ఈ కారణం చెప్పే చాలామంది మొదటి రోజునుంచే నీళ్లలో మినరల్ టానిక్‌లు పోయమంటారు. నేను అదే కారణానికి ఉల్టా నిర్ణయానికి వచ్చాను. నిల్వ లేని పిల్లకి మేతలో ఉన్న ప్రతి మిల్లీగ్రామూ పేగు దాటి లోపలికి వెళ్లాలి, కాబట్టి దారికి అడ్డం పడేది ఏదీ మనం వేయకూడదు.

మేతలో కాల్షియం 1.4 దాకా ఎలా వెళ్లిందని అడగొచ్చు, ఎవరైనా కావాలని వేస్తారా? కావాలని వేయరు. సున్నపురాయి పొడి మేతలోకి చాలా దారుల్లో వస్తుంది, అందరూ లెక్కపెట్టేది ఒక్క దారినే. ట్రేస్ మినరల్ ప్రీమిక్స్‌లో (జింక్, మాంగనీస్ లాంటివి ముందే కలిపిన పొడి) క్యారియర్‌గా, అంటే మందుని మోసే పొడిగా, ఉండేది తరచుగా అదే. టాక్సిన్ బైండర్, లివర్ టానిక్ పొడి, ఎంజైమ్ మిక్స్, కాక్సీ మందు, ఇలా టన్నుకి కిలో చొప్పున వేసే పొడులన్నిట్లో మందు కొంచెం, మిగతాది ఏదో ఒక పొడి, చాలాసార్లు సున్నపురాయే. సున్నపురాయిలో కాల్షియం 38 శాతం. ఇలాంటివి టన్నుకి ఐదు కిలోలు పడ్డాయనుకోండి, ఐదు కిలోల్లో 1.9 కిలోల కాల్షియం, అంటే మేతలో 0.19 శాతం. ఫార్ములా కాగితం మీద ఇది ఎక్కడా కనిపించదు! దీనికి తోడు ఫైటేజ్ కూడా ఫాస్ఫరస్‌తోపాటు కొంత కాల్షియాన్ని విడుదల చేస్తుంది, ఆ వాటాని కొందరు లెక్కలోంచి తగ్గించరు. ఇది పైకి రిపోర్టులో కూడా తేలదు, ఎందుకంటే ల్యాబ్ చెప్పేది మొత్తం కాల్షియం, పిల్లకి అందేది కాదు. మిక్సర్‌లో తూకం తేడా వస్తే ఇక చెప్పక్కర్లేదు. ఇన్ని పొరల మీద రైతు నీళ్లలో పోసేది ఆఖరి పొర.

ఇందులో కొత్త సంగతేమీ లేదు, అందుకే నాకు ఇంత బాధ. కోళ్లని షెడ్డుల్లో పెట్టి పెంచడం మొదలైన తొలినాళ్లలో పెరోసిస్ అనే జబ్బు రైతుల్ని వణికించింది. మడమ కీలు వాచిపోతుంది, వెనక ఉండే టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) పక్కకి జారిపోతుంది, కాలు బయటికి తిరిగిపోతుంది. ఎముకల జబ్బే కదా అని కాల్షియం, ఫాస్ఫరస్ పెంచితే తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. 1936లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో విల్గస్, నోరిస్, హ్యూజర్ అసలు లోటు మాంగనీస్‌దని తేల్చారు. కిలో మేతకి కొన్ని పదుల మిల్లీగ్రాములు చాలే ఖనిజం అది. పేగులో కాల్షియం ఫాస్ఫేట్ ఎక్కువైతే అది మాంగనీస్‌ని తనకి అంటించుకుని బయటికి తీసుకుపోతుంది, అందుకే ఎముక బలానికని వేసిన పొడే కాలు తిప్పేసింది. తొంభై ఏళ్లు కావస్తోంది. ఇప్పటికీ కాలు వంకర చూడగానే మన చెయ్యి కాల్షియం వైపే పోతోంది.

జింక్ కథ కూడా ఇలాంటిదే. 1960లో ఓడెల్, సావేజ్ అనే పరిశోధకులు సోయా ప్రొటీన్ మేత తిన్న పిల్లలకి జింక్ ఎందుకు చాలడం లేదో చూపించారు, కారణం మళ్లీ ఫైటేటే. దానికి కాల్షియం తోడైతే మూడూ కలిసి ఇంకా గట్టి ముద్దవుతాయి. జింక్ అందని పిల్లకి కాళ్లు పొట్టిగా మందంగా తయారవుతాయి, ఈకలు చిరిగినట్టుంటాయి, పాదాల చర్మం పొలుసులు లేస్తుంది. దీన్ని చూసి జింక్ ఇంకో యాభై మిల్లీగ్రాములు పెంచేవాళ్లని చూశాను, కాల్షియం పావు శాతం తగ్గిద్దామన్నవాళ్లని మాత్రం చాలా తక్కువగా చూశాను.

ఎంత జింక్ కావాలన్నదాని మీద కూడా పెద్ద వాదన ఉంది. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ (ఎన్ఆర్‌సీ) 1994 పుస్తకం ప్రకారం మూడు వారాల లోపు బ్రాయిలర్‌కి కిలో మేతకి జింక్ 40 మి.గ్రా., మాంగనీస్ 60, రాగి 8, సెలీనియం 0.15. కోడి జాతుల్ని తయారుచేసే బ్రీడ్ కంపెనీల పట్టికలు జింక్, మాంగనీస్ 100 మి.గ్రా. పైన పెట్టమంటాయి, రాగి, సెలీనియం దాదాపు రెండింతలు. అంత తేడా ఎందుకంటే ఎన్ఆర్‌సీ అంకెలు పాత పరిశోధనల మీద, ఇప్పటంత వేగంగా పెరగని కోళ్ల మీద ఆధారపడ్డవి, రెండోవైపు కంపెనీలు అన్ని పరిస్థితులకీ సరిపోయేలా కొంత ఎక్కువే పెట్టుకుంటాయి. నా మటుకు నేను బ్రీడ్ పట్టికకి దగ్గరగానే ఉంటాను, కానీ దాన్ని కనీసం అనుకోను, గరిష్ఠం అనుకుంటాను. యూరప్‌లో చట్టమే ఒక గీత గీసింది: మొత్తం మేతలో జింక్ 120 మి.గ్రా., రాగి 25, సెలీనియం 0.5 దాటకూడదు. ఆ గీత లోపలే అక్కడ కోళ్లు బాగా పెరుగుతున్నాయి. పిల్ల పీల్చుకోనిదంతా లిట్టర్‌లోకి (షెడ్డు నేల మీద పరిచిన పొట్టు), లిట్టర్ నుంచి పొలంలోకి పోతుంది. జింక్, రాగి మట్టిలో కరిగిపోవు, ఏటేటా పేరుకుంటాయి. రాగి, జింక్ ఎక్కువున్న చోట వాటిని తట్టుకునే సూక్ష్మజీవులు బతుకుతాయి, వాటిలో కొన్ని యాంటీబయాటిక్‌లని కూడా తట్టుకునేవే. ఇది ఒక్క షెడ్డుతో ఆగిపోయే విషయం కాదు.

రాగి గురించి ఒక మాట. కాపర్ సల్ఫేట్‌ని ఎదుగుదల కోసం కిలోకి 125 నుంచి 250 మి.గ్రా. దాకా వేసే అలవాటు చాలాచోట్ల ఉండేది, ఇంకా ఉంది. పేగులో కొన్ని సూక్ష్మజీవుల్ని తగ్గించడం వల్ల లాభం కనిపించే మాట నిజం. కానీ రాగి కూడా ఫైటేట్‌ని పట్టుకుని ఫైటేజ్‌కి అడ్డం పడుతుంది, మరీ ఎక్కువైతే కందనకాయ లోపలి పొర పుండు పడుతుంది. చిన్న పిల్లల మేతలో ఆ మోతాదులు వేయడం నాకు ఇష్టం లేదు, వేయను కూడా.

సేంద్రియ రూపాలు, అంటే ఖనిజాన్ని అమైనో ఆమ్లంతోనో ప్రొటీన్ ముక్కతోనో కట్టిన గ్లైసినేట్‌లు, ప్రొటీనేట్‌లు, చీలేట్‌లు మంచివా అని తరచుగా అడుగుతారు. మంచివే, ఫైటేట్‌కి అంత తేలిగ్గా చిక్కవు. కాకపోతే వాటి ఉద్దేశం తక్కువ వేసి అదే పని చేయించడం. సల్ఫేట్ మోతాదు అలాగే ఉంచి దాని మీద ఆన్ టాప్ (అదనంగా) వేస్తే మళ్లీ మొదటికొచ్చినట్టే. జింక్ ఆక్సైడ్‌లో జింక్ 72 శాతం, సల్ఫేట్‌లో సుమారు 36 శాతం, కాగితం మీద ఆక్సైడ్ గొప్పగా కనిపిస్తుంది గానీ పిల్లకి అందే వాటా సల్ఫేట్‌దే ఎక్కువ. సల్ఫేట్‌లకి వేరే గొడవ ఉంది, తేమ పీల్చి విటమిన్‌లని తినేస్తాయి. అందుకే విటమిన్ ప్రీమిక్స్, మినరల్ ప్రీమిక్స్ ఒకే సంచిలో నెలల తరబడి పెట్టకూడదు. డి3 పోయిన ప్రీమిక్స్‌తో చేసిన మేతలో కాల్షియం ఎంత ఉన్నా పిల్ల కాలు నిలబడదు.

మరి నేను వేయాల్సిందే అని పట్టుబట్టే ఖనిజం లేదా? ఉంది, ఉప్పు. నిజం చెప్పాలంటే సోడియం. మొదటి వారం 0.20 శాతం కంటే తగ్గితే పిల్ల మేత తినదు, నీళ్లు తాగదు, గుంపంతా ఎగుడుదిగుడుగా పెరుగుతుంది. లిట్టర్ తడుస్తుందన్న భయంతో ప్రీ-స్టార్టర్‌లో (మొదటి రోజుల మేత) ఉప్పు తగ్గించేవాళ్లంటే నాకు నిజంగా టెన్షన్. సోడియం, పొటాషియం, క్లోరైడ్ మూడూ ఒకే త్రాసులో చూడాలి. సోడియం 0.20 శాతాన్ని మిల్లీ ఈక్వివలెంట్లలోకి మారిస్తే కిలోకి 87, పొటాషియం 0.85 శాతం అయితే 217, క్లోరైడ్ 0.23 శాతం అయితే 65. మొదటి రెండూ కలిపి మూడోది తీసేస్తే 239. ఈ అంకెనే డీఈబీ (డైటరీ ఎలక్ట్రోలైట్ బ్యాలెన్స్) అంటారు, 250 దరిదాపుల్లో ఉంటే బాగుంటుందని చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. మామూలు ఉప్పు వేస్తే సోడియం, క్లోరైడ్ సమానంగా పెరుగుతాయి కాబట్టి ఈ అంకె కదలదు, సోడా బైకార్బొనేట్ వేస్తేనే పెరుగుతుంది. క్లోరైడ్ మరీ ఎక్కువైతే కాలి ఎముక పైభాగంలో మృదులాస్థి గడ్డకట్టినట్టు మిగిలిపోయే జబ్బు, టిబియల్ డిస్‌కాండ్రోప్లేసియా, ఎక్కువవుతుంది. ఎముక జబ్బుకి మూలం ఉప్పు డబ్బాలో ఉండొచ్చని ఎంతమంది అనుకుంటారు? లిట్టర్ తడిసిన కొన్ని సందర్భాల్లో దోషం ఉప్పుది కాదు, సోయా ఎక్కువేసిన మేతలో దానితో వచ్చిన పొటాషియంది. నీళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి. లీటరు నీళ్లలో 200 మి.గ్రా. సోడియం ఉంటే, పిల్ల తిన్న మేతకి సుమారు రెండింతలు తాగుతుంది కాబట్టి కిలో మేతకి 400 మి.గ్రా., అంటే 0.04 శాతం అక్కడే వచ్చేసింది. కావాల్సిన దాంట్లో ఐదో వంతు.

సెలీనియం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. చాలకపోతే పిల్ల చర్మం కింద నీరు చేరుతుంది, కండరాలు పాడవుతాయి. ఇది 1957లోనే తేలింది. కానీ కావాల్సింది కిలోకి 0.3 మి.గ్రా., టన్ను మేతకి 0.3 గ్రాము! ఒక్క గ్రాములో మూడో వంతు టన్ను మేతలో ప్రతి పిడికిలికీ సమానంగా చేరాలి. మొదటి రోజు పిల్ల తినేది పన్నెండు పదమూడు గ్రాములు, అంటే దానికి రావాల్సిన వాటా నాలుగు మైక్రోగ్రాములు. పారతో కలిపితే జరిగే పని కాదిది. ఒక పిల్లకి సున్నా, పక్క పిల్లకి పదింతలు అందొచ్చు, పదింతలంటే సెలీనియం విషయంలో ప్రమాదం గీత దగ్గరికి వెళ్లినట్టే. అందుకే సొంతంగా మేత కలుపుకునేవాళ్లని విడి సోడియం సెలీనైట్ ముట్టుకోవద్దనే చెప్తాను.

సరే, పిల్ల కుంటుతోంది, సీసా తీయొద్దంటే ఏం చేయాలి? కోసి చూడాలి. పడిపోయిన వాటిలో మూడు నాలుగింటిని తీసుకుని కాలి ఎముక పై చివరని నిలువుగా చీల్చితే సగం సంగతి అక్కడే తెలుస్తుంది. గ్రోత్ ప్లేట్ (ఎముక చివర పెరిగే పొర) అంతా మందంగా మెత్తగా ఉంటే రికెట్స్, ఒక్కచోట తెల్లటి ముద్ద దిగబడి ఉంటే డిస్‌కాండ్రోప్లేసియా, ఎముక తల పెళుసుగా ఊడొచ్చి లోపల చీములాంటిది ఉంటే బ్యాక్టీరియా చేరినట్టు. అన్నిటికీ మందు వేరు. ఒక్కదానికే, అదీ మేతలో కాల్షియం నిజంగా తక్కువని రిపోర్టు చెప్తేనే, కాల్షియం మందు. ఆ రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, పిల్లలు కళ్లముందు పడిపోతుంటే ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు, నేనే ఆగలేకపోయాను. ఆ వ్యవధిలో చేయదగ్గ పని ఉంది: ఆన్ టాప్ వేస్తున్న పొడులన్నీ ఆపడం, వేరే బ్యాచ్ మేత దొరికితే మార్చడం, నీళ్లలో డి3 ఇవ్వడం. ప్రతి మేత బ్యాచ్‌లో ఒక కిలో నమూనా సంచిలో కట్టి తేదీ రాసి పెట్టుకోండి, గొడవ వచ్చిన రోజు అది లేకపోతే ఎవరినీ ఏమీ అడగలేం.

కాల్షియం ఎంత తగ్గించొచ్చు అన్నదానికి ఇంకా తెగిన లెక్క లేదు. కొంచెం తక్కువ అందితే పిల్ల ఒళ్లు పేగుల్లో పీల్చుకునే శక్తిని పెంచుకుని సర్దుకుంటుందని తెలుసు, ఎక్కువైతే అలా సర్దుకోలేదు. న్యూజిలాండ్ మాసీ విశ్వవిద్యాలయంలో రవీంద్రన్ బృందం, ఇంకొందరు, మొత్తం కాల్షియం కాకుండా అరిగే కాల్షియం లెక్కన మేతలు కట్టాలని ఏళ్ల తరబడి పని చేస్తున్నారు. వాళ్లు చూపించిన వాటిలో నన్ను ఆకట్టుకుంది రేణువు సంగతి. మెత్తటి సున్నపురాయి పొడి కంటే కాస్త గరుకుగా ఉన్నదే పిల్లకి బాగా అరిగింది. మెత్తగా ఉంటే మంచిదని ఇన్నాళ్లూ నేను అనుకున్నదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. మెత్తటిది ఒక్కసారిగా కరిగి ఫైటేట్ మీద పడుతుంది, గరుకుది కందనకాయలో ఆగి నెమ్మదిగా కరుగుతుంది. ఈ లెక్కలు అందరి ఫార్ములాల్లోకి వచ్చేదాకా నేను ప్రీ-స్టార్టర్‌లో కాల్షియం 0.9 శాతం దగ్గర ఆపి, ఫైటేజ్ విడుదల చేసే కాల్షియం వాటా లెక్కలోంచి తగ్గించి, క్యారియర్‌లో ఏముందో ప్రతి పొడి సంచి మీద చదివి రాసుకుంటున్నాను. సున్నపురాయి కొత్త లోడు వచ్చినప్పుడల్లా ఒక గిన్నెడు తీసి జల్లెడ పట్టి, కింద ఎంత పడింది, పైన ఎంత నిలిచింది తూకం వేసి ఆ బ్యాచ్ పుస్తకంలో పిల్లల నడక పక్కనే రాస్తున్నాను.